ఆడిషన్ ముందు క్లారినెట్ మొరాయిస్తే వాయించేవాళ్ల మీద పడకండి, లీకు ఎక్కడుందో వెతకండి

నిన్నటిదాకా చక్కగా పలికిన క్లారినెట్ ఆడిషన్‌కి రెండు రోజుల ముందు ఉన్నట్టుండి కీచుమంటుంది. లేదా కింది స్వరాలు బుసబుసమంటూ ఉత్త గాలిగా వస్తాయి. వాయించేవాళ్లకి ముందుగా దొరికే సలహాలు ఏమిటి? "కంగారు పడుతున్నావు", "పెదవుల పట్టు బాలేదు", "ఇంకాస్త సాధన చెయ్యి". ఈ మాటలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏళ్ల తరబడి కుదిరిన పెదవుల పట్టు రాత్రికి రాత్రి చెడిపోదు. రాత్రికి రాత్రి చెడేవి రీడ్ (ఊదగానే కంపించి శబ్దం పుట్టించే సన్నటి బద్ద), ప్యాడ్ (కీ, అంటే మీట, కింద ఉండి రంధ్రాన్ని మూసే మెత్త), స్ప్రింగ్, కార్క్ (జాయింట్ల దగ్గర, కీల దగ్గర అతికించే బెండు ముక్క), స్క్రూ. గాలి కారుతున్న వాయిద్యం మీద గంటలకొద్దీ సాధన చేయిస్తే విద్యార్థికి రీడ్‌ని కొరకడం, అవసరం లేని బలంతో ఊదడం అలవాటవుతాయి. రిపేరు అయ్యాక కూడా ఆ అలవాటు ఓ పట్టాన వదలదు. అందుకే ముందు వాయిద్యాన్ని అనుమానించండి, ఆ తర్వాతే మనిషిని.

కంగారులో అందరూ చేసే ఇంకో పని, అన్నీ ఒకేసారి మార్చేయడం. కొత్త రీడ్, అరువు మౌత్‌పీస్ (నోట్లో పెట్టి ఊదే ముక్క), వేరే లిగేచర్ (రీడ్‌ని మౌత్‌పీస్‌కి బిగించే పట్టీ), అన్నీ కలిపి పెట్టి ఊదితే తప్పు దేనిదో ఎప్పటికీ తేలదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఇంకో క్లారినెట్ అందుబాటులో ఉంటే మీ మౌత్‌పీస్, రీడ్ దానికి తగిలించి ఊదండి. అక్కడా అదే గోల ఉంటే తప్పు మౌత్‌పీస్ దగ్గరో రీడ్ దగ్గరో ఉంది. అక్కడ బాగా పలికితే మీ క్లారినెట్ ఒంట్లో ఉంది. రెండోది దొరక్కపోతే మౌత్‌పీస్, బ్యారెల్ (దాని కింద తగిలించే పొట్టి గొట్టం) మాత్రం కలిపి ఊదండి. బి ఫ్లాట్ క్లారినెట్ అయితే ట్యూనర్ (శ్రుతి చూపే పరికరం) ఎఫ్ షార్ప్ చుట్టుపక్కల నిలకడగా చూపించాలి. అక్కడే శబ్దం వణికితే కీల జోలికి ఇప్పుడే వెళ్లకండి.

రీడ్ కొస అలలు అలలుగా కనిపిస్తే అది ఎండిపోయింది. ఒకటి రెండు నిమిషాలు నీళ్లలో ఉంచి, చదునైన గాజు మీద వేలితో అదిమితే సర్దుకుంటుంది. అలా పెట్టినప్పుడు అటూ ఇటూ ఊగితే వీపు వంకర తిరిగిందన్నమాట. దాన్ని పక్కన పెట్టండి. బిగించాక ఎదురుగా చూస్తే రీడ్ కొస పైన మౌత్‌పీస్ అంచు వెంట్రుకవాసి కనిపించాలి. రీడ్‌ని కాస్త పైకి జరిపితే ఊదడం బరువవుతుంది, కిందికి జరిపితే తేలికవుతుంది, పక్కకి ఒరిగితే కీచుమంటుంది. మౌత్‌పీస్ కొసని మంచి వెలుతురులో చూడండి. అక్కడ చిన్న పెచ్చు ఊడినా ఎన్ని రీడ్లు మార్చినా లాభం లేదు.

ఇక లీకు. అసలు దొంగ చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. లీకు పైన ఎక్కడో ఉంటే దాని కింది స్వరాలన్నీ దెబ్బతింటాయి. ఓపెన్ జి (వేళ్లన్నీ ఎత్తి ఊదితే వచ్చే స్వరం) నుంచి ఒక్కో స్వరమే కిందికి దిగుతూ మెల్లగా ఊదండి. గట్టిగా ఊదితే లీకు దాక్కుంటుంది. ఏ స్వరం దగ్గర ఊపిరి ఆడనట్టు అనిపించిందో, తప్పు అక్కడ గానీ అంతకు పైన గానీ ఉంది. తర్వాత పై జాయింట్‌ని (క్లారినెట్ ఒంట్లో పై భాగాన్ని) విడిగా తీసి, ఎడమచేతి మూడు వేళ్లతో, బొటనవేలితో రంధ్రాలు మూసి, కింది కొసకి అరచెయ్యి అడ్డం పెట్టి, పై నుంచి గాలి పీల్చండి. ఆ పట్టు కొన్ని సెకన్లు నిలవాలి, అరచెయ్యి తీయగానే టప్‌మని చప్పుడు రావాలి. పట్టు వెంటనే జారిపోతే లీకు ఉన్నట్టే. ఏ ప్యాడో తేల్చడానికి సిగరెట్లు చుట్టే పల్చని కాగితాన్ని సన్నటి పట్టీగా కత్తిరించి, ప్యాడ్ కింద పెట్టి, కీని తేలిగ్గా మూసి, మెల్లగా లాగండి. చుట్టూ నాలుగు వైపులా ఒకేలా పట్టుకోవాలి. ఒక వైపు జారిపోతే గాలి అటునుంచే పోతోంది.

ప్యాడ్లన్నీ బాగున్నా స్వరం పలకనప్పుడు చూడాల్సినవి మూడు చోట్లున్నాయి. పైన ఎ కీకి, జి షార్ప్ కీకి మధ్య ఉన్న చిన్న స్క్రూ మొదటిది. అది కాస్త ఎక్కువ బిగిస్తే జి షార్ప్ ప్యాడ్ పూర్తిగా మూసుకోదు, దాంతో క్లారినెట్ మొత్తం మూగబోతుంది. ఎ కీని వేలితో తాకితే, జి షార్ప్ కీ కదలకముందు వెంట్రుకంత ఖాళీ తెలియాలి. లేకపోతే పావు చుట్టు వదులు చేయండి. రెండోది రెండు జాయింట్లని కలిపే బ్రిడ్జ్. ఎడమచేతి స్వరాలు బాగుండి కుడిచేతి స్వరాలు మాత్రమే చెడితే దీన్నే అనుమానించండి. బిగించేటప్పుడు అది పక్కకి తిరిగి ఉండొచ్చు, దాని కార్క్ ముక్క ఊడిపోయి ఉండొచ్చు. మూడోది అడుగున ఉంది: ఎఫ్ (F) స్వరం పలికి ఈ (E) స్వరం మాత్రం పలకకపోతే, E కీ నొక్కినప్పుడు కింది రెండు ప్యాడ్లూ కలిసి మూసుకుంటున్నాయో లేదో కాగితం పెట్టి చూడండి.

గుడగుడమంటే అది నీరు. రంధ్రాన్ని తెరిచి బలంగా ఒక ఊదు ఊది, ప్యాడ్ కింద కాగితం పెట్టి రెండు మూడుసార్లు అద్దండి. మూసి ఉన్న ప్యాడ్ కింద నుంచి కాగితాన్ని విసురుగా లాగితే ప్యాడ్ మీది పల్చని పొర చిరుగుతుంది. థ్రోట్ బి ఫ్లాట్ (ఎ కీ, రిజిస్టర్ కీ కలిపి నొక్కితే వచ్చే స్వరం) మసగ్గా వస్తే రిజిస్టర్ గొట్టంలో (వెనక బొటనవేలి కీ కింద ఉండే సన్న గొట్టంలో) తుడుపు గుడ్డ పోగు ఇరుక్కుందేమో చూడండి.

వేళ్ల సంగతి కూడా చెప్పాలి, అన్నీ వాయిద్యం మీదికే నెట్టలేను. కుడి చూపుడువేలి మొదలు పక్కనున్న ట్రిల్ కీలని తగిలినా, ఉంగరపు వేలు రంధ్రం అంచు వదిలినా కీచుమంటుంది. దీనికి పరిష్కారం మెల్లగా వాయిస్తూ అద్దంలో చూసుకోవడమే.

టెక్నీషియన్ దొరకని వేళ పూట గడిపే ఉపాయాలు ఉన్నాయి. జాయింట్ వదులైతే కార్క్ మీద టెఫ్లాన్ టేప్ రెండు మూడు చుట్లు. సాధారణంగా మూసి ఉండే కీ స్ప్రింగ్ విరిగితే సన్న రబ్బరు బ్యాండు. బయటికి వచ్చిన స్క్రూని చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పడం. చెక్కలో పగులు కనిపిస్తే మాత్రం ఇంట్లో జిగురు పూయకండి. ప్యాడ్ ఊడితే ప్లాస్టిక్ వాయిద్యం మీద లైటర్ మంట పెట్టకండి. ఆడిషన్ ముందురోజు ప్యాడ్లన్నీ మార్పించడం, లోపల నూనె రాయడం నా దృష్టిలో పిచ్చి పని. కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి సమయం కావాలి, నూనె ప్యాడ్లకి అంటితే అవి పాడవుతాయి. పెద్ద రిపేరు చేయించాలంటే కనీసం వారం ముందే చేయించండి.

ఆడిషన్ రోజు మూడు నాలుగు నమ్మకమైన పాత రీడ్లు, కాగితం, స్క్రూడ్రైవర్, టేప్ దగ్గర ఉంచుకోండి. చల్లని క్లారినెట్ శ్రుతి తగ్గి పలుకుతుంది కాబట్టి వేడెక్కకముందు బ్యారెల్ సర్దకండి. లోపలికి పిలిచాక గుడగుడ మొదలైతే, భయపడకుండా పది సెకన్లు అడగండి. ప్యాడ్ అద్దుకుని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టొచ్చా అని అడగడంలో తప్పేమీ లేదు.