రాయ్ బ్లాక్ మొదట రాక్ గాయకుడే
జర్మన్ గాయకుడు రాయ్ బ్లాక్ తియ్యటి ప్రేమపాటల కోసమే పుట్టాడన్నట్టు కొందరు రాశారు, అది మాత్రం నేను ఒప్పుకోను. జర్మనీలోని ఆగ్స్‌బుర్గ్‌లో కుర్రాడిగా ఉన్నప్పుడు అతను పాడింది రాక్ అండ్ రోల్, బ్యాండ్ పేరు రాయ్ బ్లాక్ అండ్ హిస్ కానన్స్, అసలు పేరు గెర్డ్ హెల్లెరిష్ అయితే రాయ్ అన్నది అమెరికన్ రాక్ గాయకుడు రాయ్ ఆర్బిసన్ మీద అభిమానంతో పెట్టుకున్నదే. 1966లో 'గాంజ్ ఇన్ వైస్' (అంతా తెలుపులో) అనే పెళ్లిపాట అంత పెద్ద హిట్ అయ్యాక జనానికి ఆ తెల్లగౌను పెళ్లిపాటల రాయ్ తప్ప ఇంకో రాయ్ అక్కర్లేకపోయింది. నేనూ ముందు విన్నది ఆ పాటే. తొలినాళ్ల రికార్డులు తర్వాత దొరికాయి, ఆ గొంతులో ఎంత హుషారో! 1990లో 'ఐన్ ష్లాస్ ఆమ్ వోర్టర్‌జే' టీవీ సీరియల్‌తో మళ్లీ నిలదొక్కుకుని మరుసటి ఏడాదే 48 ఏళ్లకు పోయాడంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.