చెవి కొసల కమిటీ

ప్రొద్దుటూరులో బిడ్డ పుడితే ముందు డాక్టరమ్మ చూస్తుంది, తర్వాత కమిటీ చూస్తుంది. డాక్టరమ్మ బరువు, గుండె, ఊపిరి చూసి ఊరుకుంటుంది పాపం. ఆమె చదువు అంతవరకే.

మొన్న ఒక బారసాలలో కమిటీ పనితీరు దగ్గరుండి చూసే భాగ్యం కలిగింది. మేనత్త ఉయ్యాల్లోంచి పాపను తీసి కిటికీ వెలుతురుకు పట్టింది. పెద్దమ్మ కళ్లజోడు తుడుచుకుని చెవి కొస మడిచి చూసింది. ఇంకొకామె గోళ్ల మొదళ్లు పరిశీలించింది. "చెవులు నల్లగుండాయి మే, ఇంక రంగు తిరగదు" అని తీర్పు వెలువడింది. పాప ఏడ్చింది; ఆ అభ్యంతరం నమోదు కాలేదు. తొమ్మిది నెలలూ కుంకుమపువ్వు పాలు తాగించారా అని పక్కింటావిడ ఆరా తీసింది. తాగించారట. అయితే పువ్వు నకిలీదన్నారు. సిద్ధాంతం తప్పయ్యే ప్రసక్తే లేదు కదా!

ఈ కమిటీ ముందు స్వీడన్ దేశపు శాస్త్రవేత్త నిల్సన్-ఏలె ఏపాటి? ఎర్ర గోధుమను, తెల్ల గోధుమను సంకరం చేసి, ఆ ఎరుపు వెనక మూడు జన్యువులున్నాయని 1909లో లెక్క తేల్చాడు. ఆ లెక్కన మనవల తరంలో 64 మొక్కలకు ఒక్కటే తెల్ల గింజలది. మిగతావన్నీ ముదురు నుంచి లేత దాకా రకరకాల ఎరుపు. మూడింటికే ఇంత! మనిషి చర్మం రంగులో పదుల కొద్దీ జన్యువులు తలా కాస్త చెయ్యి పెడతాయి. ఎత్తు సంగతైతే, 2022లో 50 లక్షల మందికి పైగా డీఎన్‌ఏ చూసి, 12,000కు పైగా చిన్న చిన్న తేడాలు పట్టారు. అమ్మది సగం, నాన్నది సగం, అదీ ఒక్కో బిడ్డకు ఒక్కో రకం సగం. చామనఛాయ దంపతులకు ఇద్దరికంటే ముదురు బిడ్డా పుడుతుంది, లేత బిడ్డా పుడుతుంది.

"మా పక్క ఎవురూ ఈ రంగు ల్యారు" అంది నాయనమ్మ, కోడలి వైపు చూసి. పక్కనే కొడుకు నిలబడి ఉన్నాడు. ఆయన చెవులు ఎవరూ మడిచి చూడలేదు.

కుట్లు ఆరని పచ్చి బాలింత, నేరం చేసినట్టు తలొంచుకుంది. ఏం నేరమమ్మా? ఆ సగం మీ కొడుకుది కాదూ? ఉయ్యాల్లో ఉన్న పిల్లకు అప్పుడే కట్నం ఎంత పెరుగుతుందో లెక్కలేస్తారా? సిగ్గులేదా? ఆ నోటితో అన్నమెలా తింటారు?

తిన్నారు. ఓళిగలు మళ్లీ అడిగి వేయించుకున్నారు కూడా. పోతూ పోతూ మేనత్త, శనగపిండిలో మీగడ కలిపి రోజూ పిల్లకు రుద్దమని చెప్పిపోయింది. మగపిల్లోడైతే అక్కర్లేదట.