ముక్కు ఎలర్జీకి మందు అమ్మేవాళ్ళు సరే, వాడటం నేర్పేదెవరు?

ముక్కు దిబ్బడకి వేసుకునే చుక్కల మందు ఒకటి నేను దాదాపు మూడు నెలలు వాడాను. మొదట్లో రెండు చుక్కలేస్తే పూటంతా హాయిగా గాలి ఆడేది, రాను రాను రెండు గంటలకే మూసుకుపోయేది, మళ్ళీ రెండు చుక్కలు, చివరికి దిండు పక్కన సీసా లేకపోతే నిద్ర పట్టని స్థితి. అదే కౌంటర్లో అదే సీసా ఎన్నిసార్లు కొన్నానో, ఒక్కరూ ఏమీ అడగలేదు. ఒకరోజు కొత్తగా వచ్చిన ఫార్మసిస్ట్ ఒకామె సీసా చేతిలో పట్టుకుని, ఇవ్వకుండా, "ఇది ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారండీ?" అనడిగింది. చెప్పా. "అయితే మీ ముక్కు మూసుకుపోయేది ఎలర్జీ ఒక్కదాని వల్లే కాదండీ, ఈ మందు వల్ల కూడా" అంది.

ఆమె చెప్పింది నిజం. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ లాంటి చుక్కల మందులు ముక్కులోపలి రక్తనాళాల్ని కుదించి దారి చేస్తాయి, కానీ వారం దాటి వాడుతూ పోతే మందు ప్రభావం తగ్గగానే అవే నాళాలు ముందుకంటే ఎక్కువ ఉబ్బుతాయి. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఈ సంగతి రాసే ఉంటుంది, చదివేదెవరు?

ఎలర్జీతో తుమ్మేవాళ్ళలో చాలామంది డాక్టర్ దాకా వెళ్ళరు, తుమ్ములకి డాక్టరెందుకు అనుకుంటారు, నేరుగా మందులషాపుకే వెళ్తారు. అంటే వాళ్ళని చూసే మొదటి మనిషి, చాలాసార్లు ఒకే ఒక్క మనిషి, ఫార్మసిస్ట్. ఆ రెండు నిమిషాల్లో ఏం అడిగారన్న దాని మీదే మిగతా కథంతా నడుస్తుంది.

పుప్పొడితో వచ్చే ఈ ముక్కు ఎలర్జీకి ఇంగ్లిష్‌లో పేరు హే ఫీవర్ గానీ ఇందులో ఫీవర్ ఉండదు. 1819లో జాన్ బోస్టాక్ అనే ఇంగ్లిష్ డాక్టర్ ఏటా వేసవిలో తనకే వచ్చే ఈ బాధని రాసిపెట్టాడు, కారణం పుప్పొడి అని చార్లెస్ బ్లాక్లీ తన మీద తనే ప్రయోగాలు చేసుకుని 1873లో చూపించాడు. ఇందులో జ్వరం రాదు కాబట్టే "జ్వరం ఉందా?" అన్న ఒక్క ప్రశ్న చాలా తేలుస్తుంది. జ్వరం లేదు, నీళ్ళలా కారుతోంది, వరసగా తుమ్ములు, కళ్ళు దురద, ఏటా ఇదే సీజన్లో అంటే ఎలర్జీ వైపే చూడాలి. ముక్కు ఒకవైపే మూసుకుపోతోంది, రక్తం పడుతోంది, ముఖమంతా నొప్పి అంటే మాత్రం మందు అమ్మకుండా డాక్టర్ దగ్గరికి పంపాల్సిందే.

ఇంకో ప్రశ్న "ఛాతీలో పిల్లికూతలు, ఆయాసం ఉన్నాయా?" అనేది. ఇది ఎవరూ అడగరు, అందరికంటే ముందు అడగాల్సింది ఇదే. 2016 నవంబర్ 21న మెల్బోర్న్‌లో ఉరుములతో గాలివాన వచ్చింది, గడ్డి పుప్పొడి తేమకి పగిలి సన్నటి ముక్కలై ఊపిరితిత్తుల్లోకి దిగింది, వేల మంది ఆస్పత్రులకి పరిగెత్తారు, 10 మంది చనిపోయారు. ఆ రోజు బాధపడ్డవాళ్ళలో చాలామందికి హే ఫీవర్ ఉంది, ఆస్తమా ఉన్నట్టు మాత్రం అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

మాత్రల సంగతికొస్తే, క్లోర్‌ఫెనిరమైన్ లాంటి పాతతరం ఎలర్జీ మందులు మెదడులోకి పోయి మత్తు తెస్తాయి. బండి నడిపేవాళ్ళకి, ప్రోస్టేట్ ఇబ్బందో ఒకరకం గ్లాకోమానో (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్న పెద్దవాళ్ళకి ఇవి మంచివి కావు. పైగా జలుబు మాత్రల్లో ఇదే కలిసి ఉంటుంది, పొద్దున ఎలర్జీ మాత్ర, రాత్రి జలుబు మాత్ర వేసుకునే మనిషికి తను డబుల్ డోసు మింగుతున్నట్టు తెలియదు. లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్ లాంటివి మత్తు తక్కువ, సెట్రిజిన్ కొందరికి కాస్త మగతగా ఉంటుంది. ఫెక్సోఫెనడిన్ పళ్ళరసంతో కాకుండా నీళ్ళతోనే వేసుకోవాలని చెప్పడానికి పది సెకన్లు చాలు.

అసలు పని స్ప్రే దగ్గర ఉంది. ఎలర్జీ మరీ ఇబ్బంది పెడుతుంటే మాత్రల కంటే స్టెరాయిడ్ స్ప్రే బాగా పనిచేస్తుంది, అయినా "వాడా, పనిచెయ్యలా" అనేవాళ్ళే ఎక్కువ. ఎలా వాడారో చూపించమంటే తల వెనక్కి వాల్చి, ముక్కు మధ్య గోడకి గురిపెట్టి, గట్టిగా ఎగపీలుస్తారు. మందంతా గొంతులోకి పోతుంది, గోడ ఒరుసుకుపోయి రక్తం వస్తుంది. తల కొంచెం ముందుకి వంచాలి, కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో కొట్టాలి, మొన చెవి వైపు ఉండాలి, పూల వాసన చూసినంత మెల్లగా పీల్చాలి. గొంతులో చేదుగా తగిలితే పద్ధతి తప్పినట్టే. ఇంకోటి, ఇది తుమ్మొచ్చినప్పుడు కొట్టేది కాదు, రోజూ వాడాలి, పూర్తి ఫలితానికి రెండు వారాలు కూడా పట్టొచ్చు, అందుకే సీజన్ మొదలవ్వకముందే మొదలుపెట్టమంటారు. మూడో రోజే స్ప్రే మూలన పడేసే మనిషికి ఇదంతా ఎవరు చెప్పారు? స్టెరాయిడ్ అన్న మాటకే భయపడేవాళ్ళు సరేసరి, వాళ్ళకి ఇది చాలా తక్కువ మోతాదని, ముక్కులోనే పనిచేస్తుందని విడమర్చి చెప్పాలి.

ఇదంతా రద్దీలో కుదురుతుందా అంటే, కష్టమే. ప్రశ్న అడిగితే ఒక్కోసారి అమ్మకం పోతుంది కూడా, నా సీసా విషయంలో జరిగింది అదే. జలుబు మాత్రల్లో కలిపే ఫినైలెఫ్రిన్ అనే మందు నోటి ద్వారా తీసుకుంటే ముక్కు దిబ్బడకి పనిచెయ్యదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా కమిటీ 2023 సెప్టెంబర్లో ఏకగ్రీవంగా తేల్చింది, అయినా మాత్రలు వెంటనే షెల్ఫుల మీంచి దిగిపోలేదు. షాపు లాభానికీ మనిషి ఆరోగ్యానికీ మధ్య నిలబడి మాట్లాడాల్సింది జీతానికి పనిచేసే ఫార్మసిస్టే, అంచేత వాళ్ళ ఒక్కళ్ళనే తప్పుపట్టడం నాకు న్యాయంగా అనిపించదు. మాట్లాడే టైమ్‌కి కూడా విలువ కట్టకపోతే అందరూ సీసా ఇచ్చి పంపేస్తారు.

నాకు ఆమె చెప్పిన కిటుకు చిన్నదే. డాక్టర్‌ని కలిసి స్ప్రే మొదలుపెట్టండి, చుక్కలు రెండు ముక్కులకీ ఒకేసారి మానొద్దు, ముందు ఒకదానికి మానండి, రెండోదాంతో ఊపిరాడుతుంది అంది. ఎడమది తెరుచుకోడానికి వారం పైనే పట్టింది. తర్వాత కుడిది.