మహమ్మారి వల్ల లెక్కల్లో మనం సాధించిన ప్రగతి

కరోనా వల్ల మన ఆరోగ్యానికి, ఉద్యోగాలకు, చదువులకు జరిగిన నష్టం గురించి పెద్దలు బోలెడు రాశారు. జరిగిన మేలు గురించి రాసే నాథుడే లేడు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం. 2020, 2021 సంవత్సరాల్లో తెలుగు రాష్ట్రాల ప్రజలు, ప్రభుత్వాలు, ఆస్పత్రులు చేయీ చేయీ కలిపి గణితశాస్త్రాన్ని ఎంత ముందుకు తీసుకెళ్లారో జనం మరిచిపోయేలోగా రాసి పెట్టడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

ముందు ఇళ్ల సంగతి చూద్దాం. ఎక్కాలు సగంలో వదిలేసిన పెద్దమ్మలు కూడా సెకండ్ వేవ్ వచ్చేసరికి రక్తంలో ఆక్సిజన్ 94 శాతం అనే అంకె దగ్గర నిపుణులయ్యారు. 94 పైన ఉంటే కషాయం, కిందకొస్తే కారు. పొద్దున కాఫీ కంటే ముందే వేలికి ఆక్సీమీటర్ తగిలించుకునేవాళ్లు. చెయ్యి చల్లగా ఉండి 91 చూపిస్తే ఇంటిల్లిపాదికీ చెమటలు. అరచేతులు రుద్దుకుని మళ్లీ పెడితే 97. ఆ 97ని ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే దాని కింద వరసగా దండాలు. "ఒక్క రీడింగ్ చూసి నమ్మొద్దు పిన్నీ, ఆరు నిమిషాలు నడిచి మళ్లీ చూసుకో" అని బీకాం చదివిన మేనల్లుడి సలహా. ఒక్క కొలతతో ఏ నిర్ణయానికీ రాకూడదన్నది శాస్త్రంలో మొదటి సూత్రం. దాన్ని మన వంటిళ్లలోకి తెచ్చింది ఏ విశ్వవిద్యాలయమూ కాదు.

ఇక సీటీ స్కాన్. దానికి 25కి మార్కులు వేస్తారు. ఎంత ఎక్కువ వస్తే ఊపిరితిత్తులు అంతగా దెబ్బతిన్నట్టు. కానీ ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగిన జాతికి మార్కులంటే మార్కులే. "మావాడికి తొమ్మిదే వచ్చింది వదినా" అని ఈవిడ కాస్త తేలిగ్గా చెబితే, "మా అల్లుడికి పద్నాలుగు, అయినా ఇంట్లోనే ఉండి తగ్గించుకున్నాడు" అని అవతలావిడ. ఆ మాటలో భయం ఎంతో, ప్రతిష్ఠ కూడా అంతే. సీఆర్‌పీ, డీ-డైమర్, ఫెరిటిన్, ఐఎల్-6 అనే రక్తపరీక్షల పేర్లు ఇంటిపేర్లంత అలవాటైపోయాయి. కందిపప్పు ధర అడుగుదామని కిరాణా కొట్టుకు వెళ్తే, కొట్టాయన నన్ను ఐఎల్-6 ఎంతుందని అడిగాడు.

రేఖాగణితంలో సాధించింది కూడా తక్కువేం కాదు. రేషన్ షాపు ముందు, రైతుబజారులో, మందుల షాపు మెట్ల దగ్గర సున్నంతో వృత్తాలు గీశారు. మనిషి వృత్తంలో నిలబడాలని ఆదేశం. మనవాళ్లు వృత్తంలో చెప్పులు నిలబెట్టి, తాము వేపచెట్టు నీడలో భుజం భుజం రాసుకుంటూ కూర్చుని లోకాభిరామాయణం చెప్పుకున్నారు. చెప్పులు మాత్రం ఒకదానికొకటి కచ్చితంగా ఆరడుగుల దూరం పాటించాయి. వాటికి వైరస్ సోకిన దాఖలాలు లేవు.

ప్రభుత్వాల కృషికి వేరే గ్రంథమే రాయాలి. నీళ్ల దగ్గర, ఆస్తుల పంపకం దగ్గర ఏనాడూ ఒక్క మాట మీదకు రాని రెండు రాష్ట్రాలు 2020 మార్చిలో ఒకే మాత్ర మీదకు వచ్చాయి. కరోనాకు పారాసెటమాల్ చాలని కేసీఆర్ గారు అసెంబ్లీలో సెలవిచ్చారు. జగన్మోహన్ రెడ్డి గారు ఆ మాత్రకు బ్లీచింగ్ పౌడర్ జోడించారు. విభజన తర్వాత తెలుగువారి ఐక్యతకు ఇంతకు మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

కానీ ఆంధ్రప్రదేశ్ అసలు ప్రతిభ చూపించింది మద్యం దగ్గర. 2020 మే 4న షాపులు తెరుస్తూ ధర 25 శాతం పెంచారు. మర్నాడు ఇంకో 50 శాతం. తాగుడు మాన్పించడానికేనని వివరణ. క్యూలు చూస్తే ఎవరూ మానేసినట్టు అనిపించలేదు గానీ, జనానికి ఒక చిక్కు సందేహం మాత్రం వచ్చింది. 25 మీద 50 అంటే మొత్తం 75 శాతమా, 87.5 శాతమా? ఆ సందేహం తీర్చడానికే అన్నట్టు విశాఖ జిల్లాలో కొన్ని షాపుల దగ్గర ప్రభుత్వ టీచర్లకు డ్యూటీ వేసి, క్యూలు సర్దే పని, టోకెన్లు ఇచ్చే పని అప్పజెప్పారు. ఎండలో రుమాలు నెత్తిన వేసుకున్న మాస్టారు, ఎదురుగా ఆయన దగ్గరే ఏడో తరగతి చదువుకున్న శిష్యుడు. "ఏరా, బాగున్నావా?" "నమస్కారం సార్, టోకెన్ ఇప్పించండి." బడి మూతపడినా గురుశిష్య సంబంధం తెగలేదని చెప్పడానికి ఇంకేం కావాలి?

ప్రైవేటు టీచర్లకు ఆ భాగ్యం కూడా లేకపోయింది. జీతాలు ఆగాయి. కొందరు కూరగాయల బండి పెట్టారు, కొందరు కూలికి వెళ్లారు. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం ఇచ్చింది. ఇందులో నేను వ్యంగ్యం చేయగలిగింది ఏమీ లేదు. ఆ బియ్యమూ ఆ డబ్బూ వాళ్లకు నిజంగానే పనికొచ్చాయి. ఫీజులు మాత్రం చాలా బడులు యథాప్రకారం వసూలు చేశాయన్నది నా అర్థశాస్త్ర విభాగం పరిశీలిస్తున్న మరో అంశం.

పిల్లల చదువులో వచ్చిన విప్లవం అందరికీ తెలిసిందే. 2020లో తెలంగాణలో పదో తరగతి పరీక్షలు రద్దు చేసి 5.34 లక్షల మందినీ పాస్ చేశారు. ఆంధ్ర కూడా అదే దారి పట్టింది. మరుసటి ఏడాది మళ్లీ అదే. తెలంగాణ ఇంటర్ ఫస్టియర్ వాళ్లకు మాత్రం పట్టుబట్టి 2021 అక్టోబరులో పరీక్ష పెట్టారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనును అన్నాచెల్లెళ్లు పంచుకుని, డేటా అయిపోతే మానుకుని, సిగ్నల్ కోసం డాబా ఎక్కి చదివిన పిల్లలు కదా, సగానికి పైగా ఫెయిలయ్యారు. డిసెంబరులో గొడవ మొదలైంది. ప్రభుత్వం తప్పినవాళ్లందరికీ 35 మార్కులు వేసి గట్టెక్కించింది. చదివింది ఎంతైనా, రాసింది ఏమైనా జవాబు 35. గణితంలో ఇలాంటి సంఖ్యను స్థిరాంకం అంటారు. పై (π) విలువ కొద్దిగా తేడాగా వచ్చినా సర్దుకుపోతాం గానీ, 35 విషయంలో తేడా ఉండదు.

ఆస్పత్రి గణితం సామాన్యుడికి అందేది కాదు. తెలంగాణ ప్రభుత్వం 2020 జూన్‌లో ప్రైవేటు ఆస్పత్రులకు ధరలు నిర్ణయించింది. మామూలు వార్డుకు రోజుకు 4,000, ఐసీయూకి 7,500, వెంటిలేటర్ పెడితే 9,000. పది రోజులు వెంటిలేటర్ మీద ఉంటే ఎంత? 90,000 అనేవాడు బడిలో లెక్కలు నేర్చుకున్నవాడు. బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడ్డవాడు అలా అనడు. పీపీఈ కిట్లు వేరు, ఖరీదైన మందులు వేరు, పరీక్షలు వేరు. మా దగ్గరి బంధువు ఒకాయన్ని చేర్చుకున్న ఆస్పత్రి, పేరెందుకు లెండి, ఇచ్చిన బిల్లులో ఒకే గదిలోకి ఒకే నర్సు వచ్చి వెళ్లినందుకు పడిన కిట్ల సంఖ్య చూస్తే, ఆ అమ్మాయి గుమ్మం దాటిన ప్రతిసారీ బట్టలు మార్చుకుంటూనే ఉండాలి, ఇక రోగిని చూసే తీరికెక్కడిది? అవతల రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ ధర బ్లాకులో ఎంత పలికిందో కొన్నవాళ్లు ఇప్పటికీ గట్టిగా చెప్పరు. ఆ రోజుల్లో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటువైద్యుడు ఆనందయ్య మందు కోసం వేలమంది ఎందుకు ఎగబడ్డారని చదువుకున్నవాళ్లు ఆశ్చర్యపోయారు. నేను ఆశ్చర్యపోలేదు. ఆ మందుకు బిల్లు లేదు.

వ్యాక్సిన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువు మొదట 4 నుంచి 6 వారాలు. తర్వాత 6 నుంచి 8. 2021 మేలో వ్యాక్సిన్ దొరకక జనం తెల్లవారుజామున క్యూ కడుతున్నప్పుడు 12 నుంచి 16. శాస్త్రీయ కారణాలు ఉన్నాయన్నారు. ఉండే ఉంటాయి. సరుకు కరువయ్యేకొద్దీ శాస్త్రం ఓపిక నేర్పడం మాత్రం చూడముచ్చటగా ఉంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ కూడికలు, హెచ్చవేతలు. అసలు ఘనవిజయం తీసివేతల్లో ఉంది.

2021 మే 10న తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ సరఫరా కాసేపు దెబ్బతిని 11 మంది చనిపోయారని అధికారులే చెప్పారు. జూలై 20న రాజ్యసభలో ప్రశ్న వస్తే, ఆక్సిజన్ కొరత వల్ల మరణాలు సంభవించాయని రాష్ట్రాలేవీ ప్రత్యేకంగా తెలియజేయలేదని కేంద్రం జవాబిచ్చింది. అంతకుముందు 2020 సెప్టెంబరులో, లాక్‌డౌన్‌లో సొంత ఊళ్లకు బయలుదేరి దారిలో చనిపోయిన వలస కూలీల లెక్కలు తమ దగ్గర లేవని పార్లమెంటుకు చెప్పింది. వలస కూలీల కోసం దేశంలో తొలి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. అది 2020 మే 1. అప్పటికే నడిచి వెళ్లినవాళ్లు నడిచి వెళ్లారు. టికెట్ లేదు కాబట్టి లెక్కా లేదు.

ఆ తర్వాత సుప్రీంకోర్టు అడ్డం పడింది. కోవిడ్‌తో చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి 50,000 రూపాయలు ఇవ్వాల్సిందేనంది. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు పోతే అది కోవిడ్ మరణమే, సర్టిఫికెట్‌లో గుండెపోటు అని రాసినా సరే. కలెక్టరేట్ల దగ్గర భార్యలు, కొడుకులు జిరాక్సు కాయితాలు పట్టుకుని నిలబడ్డారు. ఆర్టీపీసీఆర్ రిపోర్టు ఒక సంచిలో, ఆధార్ ఒక సంచిలో, ఫొటో జాకెట్టులో. 2022 జనవరిలో కోర్టు ముందుకు వచ్చిన వివరాల ప్రకారం తెలంగాణలో అధికారిక మరణాలు 3,993. పరిహారం కోసం వచ్చిన దరఖాస్తులు 29 వేలకు దగ్గర. అందులో 12 వేలకు పైగా కుటుంబాలకు ప్రభుత్వమే డబ్బు చెల్లించింది. ఆంధ్రలో అధికారిక మరణాలు 14,471, దరఖాస్తులు 36 వేల పైమాటే.

ఈ అంకెలను పదో తరగతి గణితం పుస్తకంలో చేర్చాలని నా విన్నపం. ప్రశ్న ఇలా ఉండాలి: "ఒక రాష్ట్రంలో 3,993 మంది చనిపోయారు. వారిలో 12 వేల మందికి పైగా కుటుంబాలు పరిహారం అందుకున్నాయి. అయితే చనిపోయినవారు ఎందరు? దశలవారీగా సాధించుము." సాధించలేకపోయినవాళ్లకు 35 మార్కులు ఎలాగూ వేస్తాం. జవాబు రాబట్టిన కుర్రాడు ఎవరైనా ఉంటే ఆ పేపరు మాత్రం దిద్దకుండా నేరుగా సచివాలయానికి పంపాలి.