‘ఇంటా వంటా లేదు’ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ‘మా ఇంటా వంటా లేదు’ గారి దివ్యసముఖమునకు, ఆరవ నెల గర్భిణి చేసుకొను విన్నపము.

తమరు క్షేమమేనని తెలుసు. ప్రతి ఇంటి వసారాలోనూ తమరికి పీట వేసే ఉంటుంది. నా క్షేమసమాచారం మాత్రం నిన్న మధ్యాహ్నం ల్యాబు కిటికీలోంచి చిన్న కాగితం మీద వచ్చింది: షుగర్ 168. అది 140 చేరకూడదట.

ఆ అంకె కోసం నేను రెండు రోజులు ధారపోశాను. మొన్న 75 గ్రాముల గ్లూకోజును గ్లాసెడు నీళ్లలో కలిపి ఇస్తే తాగి, పావుగంటలో అంతా కక్కేశాను. అరగంటలోపు వాంతి అయితే పరీక్ష చెల్లదు కాబట్టి మర్నాడు మళ్లీ రమ్మన్నారు. నిన్న ముక్కు మూసుకుని తాగి, తిరగని ఫ్యాను కింద ఇనుప కుర్చీలో, పక్కావిడ ఇచ్చిన నిమ్మకాయను వాసన చూస్తూ రెండు గంటలు కూర్చున్నాను. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా తమరి మీదనే.

డాక్టరు గారు ఫైలు వెనక్కి తిరగేసి, మూడో నెలలో నేను నింపిన కాగితం మీద వేలు పెట్టి, “ఇంట్లో ఎవరికీ షుగర్ లేదని రాశారు కదండీ?” అని అడిగారు. రాశాను. ఆ రోజు ఆసుపత్రి వరండాలోంచి ఫోను చేసి అడిగితే, అమ్మ నోటి నుంచి తడుముకోకుండా వెలువడింది తమరే: “మన ఇంటా వంటా లేదమ్మా, లేదని రాసెయ్యి.” అప్పటి పరీక్షలో 132 వచ్చింది. గీత దాటలేదు, వంశంలోనూ లేదు, ఆరో నెలలో చూద్దాం అనుకున్నారు. ఉందని తెలిసి ఉంటే ఆ రోజే తిండి, నడక సంగతి గట్టిగా చెప్పి ఉండేదాన్నని నిన్న ఆవిడ అన్నప్పుడు, ఆ మూడు నెలల్లో నా కంచంలో పడిన అన్నమంతా ఒక్కసారిగా కళ్ల ముందు కుప్పపోసినట్టయింది.

ఇంటికి వచ్చి కాగితం చూపించాక గానీ తమరి అసలు స్వరూపం బయటపడలేదు. మా అమ్మమ్మ కాలి బొటనవేలు తీసేయడానికి కారణం మేకు గుచ్చుకోవడమని నాకు ముప్పై ఏళ్లుగా చెబుతున్నారు. మేకు గుచ్చుకున్న మాట నిజమే, ఆ పుండు ఎనిమిది నెలలు ఎందుకు మానలేదన్న మాట మాత్రం ఎవరూ చెప్పలేదు. నాన్న ఆరేళ్లుగా వేసుకుంటున్న ‘గ్యాసు మాత్రలు’ కుట్టుమిషను సొరుగులో గోధుమరంగు కవరులో ఉన్నాయి. తీసి చదివాను. మెట్‌ఫార్మిన్. షుగర్ మందు. అడిగితే “అది షుగర్ కాదమ్మా, బోర్డర్‌లో ఉంది” అన్నారు. ఆరేళ్లుగా సరిహద్దులోనే కాపలా కాస్తున్న మనిషిని సైన్యంలో కూడా చూడలేదు.

ఇక నా పుట్టుక. నేను నాలుగుంపావు కిలోలు పుట్టానని, పక్క వార్డుల వాళ్లు కూడా వచ్చి చూసి వెళ్లారని మా అమ్మ ప్రతి పెళ్లిలోనూ గర్వంగా చెబుతుంది. తల్లి రక్తంలో చక్కెర పెరిగితే అది మావి (ప్లాసెంటా) దాటి బిడ్డకు చేరుతుందని, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు కాబట్టి బిడ్డే సొంతంగా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుని బొద్దుగా పెరుగుతుందని డాక్టరు గారు చెబుతుంటే, నా చిన్నికృష్ణుడి వేషం ఫొటో గుర్తుకొచ్చింది. ఆ రోజుల్లో అమ్మకు ఈ పరీక్ష ఎవరూ చేయలేదు కనుక తీర్పు చెప్పలేను; అనుమానం మాత్రం పోదు.

మా అత్తగారు “మా వైపు ఎవరికీ లేదు, ఈ పిల్ల ఏం తిందో” అని తమరినే మరో గొంతుతో వినిపించారు. రోజూ పరగడుపున మెంతుల నీళ్లు ‘ఒంట్లో వేడికి’ తాగే మనిషి ఆవిడ.

తమరి పేరులో సగం ఇల్లయితే సగం వంట. ఇంట్లో సంగతి తేలింది, వంట సంగతీ విన్నవిస్తాను. నెలలు నిండేకొద్దీ మావి నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి కాబట్టి, ఇన్సులిన్ తయారుచేసే క్లోమం మామూలు కంటే రెండుమూడు రెట్లు శ్రమించాలి. మా వంశం నాకు ఇచ్చిన క్లోమం అంత కష్టజీవి కాకపోవచ్చు. అలాంటిదాని నెత్తిన ఈ ఇల్లు ఏం పెట్టిందంటే, ఇద్దరి కోసం తినాలంటూ పూటకు రెండు మారులు సన్నబియ్యపు అన్నం, నీరసమని సపోటా రసం, కడుపు చలవని చలిమిడి. మేడ మెట్లు ఎక్కబోతే నలుగురు కేకలు వేశారు. కడుపులో ఉన్న రెండో మనిషి అప్పటికి నిమ్మకాయంత కూడా లేడు. అతని వాటా మాత్రం పెద్దమనిషి వాటా.

నేనూ తక్కువదాన్ని కాను. తొమ్మిది గంటలు ల్యాప్‌టాప్ ముందు కదలకుండా కూర్చోవడం, టీతో పాటు బిస్కెట్లు, రాత్రి పదింటికి భోజనం – ఇవి ఏ పూర్వీకుడూ నా రక్తంలో పెట్టలేదు. గర్భానికి ముందే పెరిగిన ఎనిమిది కిలోలూ నావే. ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోవడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది, తమరికి మూడు తరాలు చాలలేదు.

ఎందుకు దాచారమ్మా అని అరిచాను. మర్యాదలన్నీ అక్కడితో అయిపోయాయి. వేలు పోయినా దాచారు, మాత్రలు దాచారు, నా ఫైలులో అబద్ధం రాయించారు, రేపు రెండు వారాల పథ్యానికి లొంగకపోతే సూది వేసుకోవలసింది నేను! అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “నీకు సంబంధాలు చూస్తున్నప్పుడు నాన్నకు బయటపడింది. షుగర్ వంశమంటే ఎవరు చేసుకుంటారని...” అంది. తమరు మా ఇంట్లో కాపురం పెట్టింది నా పెళ్లి కోసమని అప్పుడు తెలిసింది. దాని మీద ఏం అరవాలో తోచలేదు.

ఈ ఉదయం నాన్న, నేను భోజనానంతరం వీధి చివరి దాకా నడిచి వచ్చాము. తరువాత ఆసుపత్రి కాగితం ముందు పెట్టుకుని, ‘లేదు’ అన్నదాన్ని కొట్టేసి, ఆ రెండు అంగుళాల గడిలో అమ్మమ్మ, నాన్న అని రాశాను. అమ్మ వెనక నుంచి తొంగిచూసి, కళ్లజోడు సర్దుకుని, “మీ పెదనాన్నది కూడా రాయి” అంది.

గడి చాలలేదు. మార్జినులో రాశాను.

ఇట్లు,
నాలుగుంపావు కిలోల పిల్ల