ఉత్తరాంధ్రకు పది లైబ్రరీ ఫెలోషిప్పులు కావాలి

చీపురుపల్లిలో నెలకు రెండు శనివారాలు విశాఖ రైలెక్కే ఒక లైబ్రేరియన్ అమ్మాయి నాకు తెలుసు. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం, పక్కన పార్ట్‌టైం పీహెచ్‌డీ. సీతంపేట కొండల్లో సవర గిరిజనులు మాట్లాడే సవర భాషలో ఇంతవరకు అచ్చయిన పుస్తకాలన్నిటికీ ఒక సూచిక తయారు చేయాలన్నది ఆమె మొదటి కోరిక. సీతంపేట వైపు బడుల బీరువాలు వెతికి, దుమ్ము దులిపి, వాచకాల పేర్లు ఒక లాంగ్ నోటుబుక్కులో రాసుకోవడం మొదలెట్టింది కూడా. గైడ్ మంచి మనిషే. "అమ్మా, దీనికి ఐదేళ్లు ఊళ్లు పట్టుకు తిరగాలి. సెలవెవరిస్తారు? చార్జీలెవరిస్తారు? ప్రశ్నావళి పెట్టుకో, గట్టెక్కిపోతావు" అన్నారు. ఇప్పుడు ఆమె థీసిస్ కాలేజీ లైబ్రరీల్లో పాఠకుల సంతృప్తి మీద. లైబ్రరీ పనివేళలు మీకు అనుకూలంగా ఉన్నాయా? చాలా, కొంత, అసలు లేవు. ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి.

తప్పు ఆమెది కాదు, గైడ్‌దీ కాదు. జేబులో డబ్బు లేని పరిశోధన చివరికి ప్రశ్నావళి దగ్గరే తేలుతుంది. మన విశ్వవిద్యాలయాల్లో గ్రంథాలయ శాస్త్రం థీసిస్‌ల పేర్లు వరసగా చదివి చూడండి. జిల్లా పేరు మారుతుంది, కాలేజీ రకం మారుతుంది, లోపల సరుకు ఒకటే. ఈ శాస్త్రంలో దేశంలో తొలి పీహెచ్‌డీ అలాంటిది కాదు. 1950ల చివర్లో, మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనదగిన రంగనాథన్ దగ్గర ఢిల్లీ విశ్వవిద్యాలయంలో డి.బి.కృష్ణారావు చేసిన పని వ్యవసాయ శాస్త్రం పుస్తకాలను అంశాల వారీగా సర్దడానికి లోతైన వర్గీకరణ తయారు చేయడం. అంటే తొలి పరిశోధకుడు ఒక పనిముట్టు చేసి చేతికిచ్చాడు. మనం అభిప్రాయాలు పోగేస్తున్నాం.

డబ్బు సంగతి అందరికీ తెలిసిందే. నెట్ పరీక్షలో ముందు నిలిచినవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000. అది రానివాళ్లకు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనైతే 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి అదీ లేదు. సీటు ఉంటుంది, ఫీజు ఉంటుంది, చేతికొచ్చేది ఉండదు. అదే అమెరికాలో మంచి విశ్వవిద్యాలయాలు ఈ శాఖలో పీహెచ్‌డీకి తీసుకున్నవాళ్లకు సాధారణంగా ఫీజు మాఫీ చేసి, బోధనలోనో పరిశోధనలోనో సహాయకులుగా పెట్టుకుని నెలనెలా భత్యం ఇస్తాయి. అక్కడ పరిశోధన అంటే ఉద్యోగం. ఇక్కడ అది ఉద్యోగం చేసొచ్చాక రాత్రి పూట పెట్టుకునే పని.

"గూగుల్ ఉండగా లైబ్రరీ సైన్సులో డాక్టరేట్లెందుకు, ముందు ఖాళీగా ఉన్న లైబ్రేరియన్ పోస్టులు నింపండి" అనేవాళ్లున్నారు. పోస్టులు నింపాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ గూగుల్ మాట దగ్గర ఆగాలి. ఎవరో ఒకరు కూర్చుని ఎక్కించింది మాత్రమే గూగుల్‌లో దొరుకుతుంది. సవర వాచకాల జాబితా అడిగి చూడండి.

కేటలాగు అంటే గుమస్తా పని అనుకునేవాళ్లకు ఒక్క ఉదాహరణ చెబుతాను. తెలుగులో తొలి ఆధునిక కథ విజయనగరం గురజాడ రాసిన 'దిద్దుబాటు' అనీ, అది 1910లో వచ్చిందనీ మనమంతా బళ్లో చదువుకున్నాం. తర్వాత పాత పత్రికలు తిరగేసినవాళ్లు 1902లో 'హిందూసుందరి'లో అచ్చయిన భండారు అచ్చమాంబ కథను ముందుకు తెచ్చారు. ఏది తొలి కథన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది, నడవనివ్వండి. ఒక భాష కథా చరిత్రలో మొదటి వాక్యాన్నే కదిలించింది ఏమిటన్నది నా ప్రశ్న. కొత్త సిద్ధాంతం కాదు, ఏ పత్రికలో ఏ నెల ఏ పేజీలో ఏముందో ఓపిగ్గా చూసిన పని. ఇంకా ఎవరూ తెరవని కట్టల్లో ఎన్ని పేర్లు, అందులో ఎందరు ఆడవాళ్ల పేర్లు, నిద్రపోతున్నాయో!

ఆ పని ఎలా ఉంటుందో శ్రీకాకుళానికి ఎవరూ నేర్పక్కర్లేదు. 1997 ఫిబ్రవరి 22న ఇక్కడే తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం తలుపులు తెరుచుకుంది. బడిలో లెక్కలు చెప్పిన కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన అవార్డుల సొమ్ము అందులో పెట్టారు. తెలుగు కథ ప్రతి ఒక్కటీ ఒకచోటికి చేరాలన్నారు. కథ పేరు, రచయిత, పత్రిక, తేదీ. చూడ్డానికి నాలుగు గడులే. ఆ నాలుగు గడుల కోసం ఒక పెద్దాయన ముసలితనమంతా ఇచ్చేశారు, చుట్టూ మిత్రులు జీతం భత్యం లేకుండా ఏళ్లకేళ్లు చాకిరీ చేశారు. 2021లో మాస్టారు వెళ్లిపోయారు. విశ్వవిద్యాలయం చేయాల్సిన పని ఒక రిటైర్డు మాస్టారి మీద వదిలేసి, ఆయనకు దండలు వేసి మనం ఊరుకున్నాం.

పైగా ఇందులో నిజంగా డాక్టరేట్ స్థాయి చిక్కుముడులున్నాయి. మాస్టారి పేరే తీసుకోండి: కాళీపట్నం రామారావు, కె.రామారావు, కా.రా., కారా మాస్టారు. కంప్యూటర్‌కు వీళ్లు నలుగురు మనుషులు. ఇంటిపేరు చివర ఉండే దేశాల్లో దాన్ని ముందుకు తెచ్చి రాయాలని నియమం పెట్టుకున్నారు. మన ఇంటిపేరు ఎటూ ముందే ఉంటుంది. ఆ నియమాన్ని గుడ్డిగా మనవాళ్ల మీద రుద్దితే ఒకే రచయిత ఒక లైబ్రరీలో 'క' దగ్గరా ఇంకో లైబ్రరీలో 'ర' దగ్గరా తేలతాడు. కలంపేర్లు, పెళ్లయ్యాక మారిన ఇంటిపేర్లు కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. తెలుగు రచయితల పేర్లకు అందరూ ఒప్పుకునే ఒకే పట్టిక కావాలి. ఒక మనిషికి ఐదేళ్లు చాలినంత పని అది.

సవర సంగతి ఇంకా విచిత్రం. అంశాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లు వేసే డ్యూయీ వర్గీకరణలో తెలుగు భాష నంబరు 494.827. సవర తెలుగులా ద్రావిడ భాష కాదు, ముండా కుటుంబం భాష కాబట్టి 495.95 కిందికి వెళుతుంది. చైనీస్ 495.1, జపనీస్ 495.6. భాషా కుటుంబాల లెక్క దానికుంది, సరే. కానీ సీతంపేట బడి పిల్లాడికి తన వాచకం ఎక్కడ దొరకాలి? పక్కింటి తెలుగు పుస్తకానికి దూరంగా చైనీస్ నిఘంటువు వరసలోనా? నేను చూసిన చోట ఏ నంబరూ వేయకుండా తెలుగు లిపిలో ఉందని తెలుగు కట్టలో కలిపేశారు. గిడుగు రామమూర్తి సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని నిఘంటువు కూర్చిన నేల ఇది. ఆ భాష పుస్తకాలకు ఇక్కడి అరలో చోటెక్కడో తేల్చే పని ఎవరికీ అప్పజెప్పలేదు.

అసలు ఉత్తరాంధ్ర రోగమే ఇది: వలస. మన మత్స్యకారులు గుజరాత్ పడవలెక్కుతారు, మన తాపీ మేస్త్రీలు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లు కడతారు. చదువుకున్నవాళ్లదీ అదే దారి. లైబ్రరీ సైన్సు పీజీ అయిన ఎంఎల్ఐఎస్సీలో ముందు వరసలో నిలిచిన పిల్లలు జేఆర్ఎఫ్ రాగానే హైదరాబాద్‌కో ఢిల్లీకో పోయి అక్కడి గైడ్‌కు నచ్చిన అంశం మీద పనిచేస్తారు. రానివాళ్లు ఇక్కడే ఉండి ప్రశ్నావళి పంచుతారు. మనుషులు పోయారు, కాగితాలూ పోతున్నాయి. తాత పోయాక పాత పత్రికల కట్టలు తూకానికి వేసిన ఇళ్లు విజయనగరంలో నాకు తెలిసినవే మూడున్నాయి.

జేఆర్ఎఫ్ రేటుకే లెక్క కట్టాను. ఒకరికి ఐదేళ్లకు, ఇంటి అద్దె భత్యం కాకుండా, 24 లక్షలు. పదిమందికి 2 కోట్ల 40 లక్షలు, అంటే ఏడాదికి 48 లక్షలు. ఆస్తి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్న జనం మనం. 1960 గ్రంథాలయ చట్టం నాటి నుంచీ పుస్తకం కోసం పన్ను కడుతున్నవాళ్లం. ఈ మాత్రం అడిగే హక్కు మనకుంది. సెస్సు డబ్బు ముట్టుకోవద్దు, అది శాఖా గ్రంథాలయాలకే చెందాలి, ఫెలోషిప్పులకు రాష్ట్రం విడిగా ఇవ్వాలి. 1935లోనే గ్రంథాలయ శాస్త్రం కోర్సు మొదలెట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖలో ఉంది, ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది. గైడ్ ఒకచోట, పని ఇక్కడ పెట్టుకోవచ్చు.

నవంబరు 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలు. మంత్రులు వస్తారు, మైకుంటుంది. ఆ వేదిక మీదే పది ఫెలోషిప్పులు ప్రకటించండి, ఎవరి పేరు పెట్టుకున్నా అభ్యంతరం లేదు. రెండే షరతులు. ఫెలోషిప్ తీసుకున్న మనిషి ఐదేళ్లూ ఈ జిల్లాల్లోనే ఉండి పనిచేయాలి. వైవా (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్ష) నాటికి థీసిస్‌తో పాటు తాను తయారు చేసిన సూచికను కూడా సమర్పించాలి. అది సీతంపేట బడిలో మాస్టారు తన ఫోన్‌లో తెరిచి చూసుకునేలా ఉండాలి.