కడుపు నిండిన కథ

"చాలండీ, బాగా తిన్నాను" అంటే సరిపోయేది. ఫ్రెంచివాళ్లు కూడా అచ్చంగా అదే మాట అంటారు. ఆ సంగతి నాకు తెలిసేసరికి లియోన్‌లో నా పరువు రోన్ నదిలో కలిసిపోయింది.

చదువుకోవడానికి వెళ్లిన మొదటి నెల. ఆదివారం మా ఇంటి ఓనరమ్మ భోజనానికి పిలిచారు. డెబ్బై దాటిన పెద్దావిడ. నా ఫ్రెంచేమో మూడు నెలల కోచింగ్ సరుకు, అదీ ఇంగ్లీషు గ్రామర్ పుస్తకంలోంచి. తెలుగులో అనుకోవడం, దాన్ని ఇంగ్లీషు చెయ్యడం, అక్కణ్ణుంచి ఫ్రెంచిలోకి తోయడం. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లడానికి విశాఖపట్నంలో బస్సు మారినట్టన్నమాట.

గుమ్మంలోనే ఆవిణ్ణి "త్యు" అనేశాను. అంటే నువ్వు! పెద్దవాళ్లని "వూ" అనాలి, మన "మీరు" లాగే. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పెద్దావిణ్ణి కూడా నువ్వు అనని దాన్ని, ఇంగ్లీషువాడి ఒంటరి "యూ"ని నమ్ముకుని చెడ్డాను. ఆవిడ కనుబొమ్మ ఒకటి పైకి లేచింది, దిగలేదు.

వయసడిగారు. బుర్రలో "ఐ యామ్" మోగుతుంటే "నేను ఇరవై మూడుని" అన్నాను, రేషన్ షాపులో టోకెన్ నంబరు చెప్పినట్టు. ఫ్రెంచిలో ఏళ్లు మనకి ఉంటాయి, మనం ఏళ్లు కాము. "నాకు ఇరవై మూడేళ్లు" అని తెలుగులోంచి తిన్నగా వెళ్లినా దారి దగ్గరయ్యేది.

ఇక వడ్డన. చేపతో చేసిన క్వెనెల్, మీగడలో ఉడికిన బంగాళాదుంపలు, చీజు, ఆపిల్ టార్ట్. కొసరి కొసరి వడ్డించడంలో ఆవిడ మా అమ్మమ్మని మించిపోయారు. మూడో ముక్క మీద పడబోతుంటే ప్లేటుకి చెయ్యి అడ్డం పెట్టి, "ఐ యామ్ ఫుల్"ని ధైర్యంగా ఫ్రెంచిలోకి దింపాను.

"జ సుయీ ప్లెన్!"

పదేళ్ల మనవడు తాగుతున్న నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. ఓనరమ్మ గరిట పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"ప్లెన్" అంటే నిండినది అనే అర్థం డిక్షనరీలో ఉంది, కాదనను. కానీ ఆడపిల్ల తన గురించి తాను అలా అంటే, ఆవులకీ మేకలకీ వాడే మాట అవుతుంది. మనకీ ఉందిగా ఆ మాట, చూడి గేదె అంటాం. నిండు భోజనం బల్ల ముందు నిలబడి, నేను చూడితో ఉన్నానని ప్రకటించానన్నమాట. ఇదంతా నాకు ఆవు బొమ్మ గీసి మరీ వివరించింది ఆ మనవడే.

ఓనరమ్మ కళ్లు తుడుచుకుని, పెద్ద టార్ట్ ముక్క నా ప్లేటులో వేశారు. "తిను, ఇద్దరికి సరిపోవాలిగా!"

వెళ్లేటప్పుడు నా బుగ్గ తట్టి, ఇకనుంచి తనని "త్యు" అనమన్నారు. నాకు నోరు పెగల్లేదు. మెర్సీ అని మెట్లు దిగేశాను. ఆ మాటకి వ్యాకరణం లేదు.